నాలుగు కాళ్ళ పుస్తకం

"ఈ క్షణం నుంచి ఏ పిల్లవాడి చేతిలోనూ చిన్న పుస్తకం కనిపించకూడదు!"

విద్యాశాఖ మంత్రిగారు ఈ చారిత్రక ప్రకటన చేసింది ఒక సోమవారం ఉదయం పదకొండూ పదికి, రెండు గదుల బడి వరండాలో. నిజానికి ఆయన వచ్చింది బడి ఆవరణలో కొత్తగా పెట్టిన మంచినీళ్ళ కుళాయి ప్రారంభించడానికి. కుళాయి తిప్పారు. నీళ్ళు రాలేదు. ప్లంబరు పైపు వెంట పరిగెత్తాడు. నీళ్ళొచ్చేలోగా దొరికిన పావుగంటలో మంత్రిగారు చదువుల తలరాత మార్చేశారు. మరొకరైతే ఆ పావుగంటా కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకునేవారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకటో తరగతి టీచరమ్మ మాత్రం కొట్టలేదు. మంత్రిగారంటే గౌరవం లేక కాదు. ఆవిడ చూపంతా మంత్రిగారి చంకలో ఉన్న వస్తువు మీదే ఉంది.

అది ఆవిడ పుస్తకం.

పాత క్యాలెండర్ల వెనకవైపు లావు స్కెచ్ పెన్నుతో రాసి, బొమ్మలు వేసి, మొత్తం పన్నెండు పేజీలు తయారుచేసింది. వాళ్ళాయన టైలరు. పరదాలు కుట్టే మిషను మీద ఎర్రదారంతో కుట్టిచ్చాడు. రెండడుగుల పొడవు. గోడకి ఆనించి పెట్టి, స్కేలు చివరతో అక్షరాలు చూపిస్తుంటే నేలమీద కూర్చున్న ఇరవైమూడు మందీ గొంతు కలిపి చదివేవాళ్ళు. స్కేలు ఎక్కడుంటే నలభైఆరు కళ్ళూ అక్కడే.

కథ ఒక ఎలుకది. ఖాళీ ఇంట్లో, మూసిన తలుపు అవతల ఏదో చప్పుడు. టక్. టక్. పిల్లేనా? పిల్లి అయితే మ్యావ్ అనేది. కుక్కా? కుక్కయితే మొరిగేది. పేజీ తిప్పేముందు టీచరమ్మ ఆగేది. "తర్వాతేమవుతుందో చెప్పండి చూద్దాం?" అనేది. ఏనుగని ఒకడు, దొంగని ఒకడు, "మా పెదనాన్న, ఆయన అట్లాగే తలుపు కొడతాడు" అని ఇంకొకడు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కూడా పేజీ తిప్పగానే ముందుకి వంగి చదివేసేవాళ్ళు. ఎవరి ఊహ నిజమైందో తెలియాలిగా!

ఆ సోమవారం పదకొండో పేజీ దాకా వచ్చారు. 'ఎలుక తలుపు మీద చెయ్యి వేసింది. మెల్లగా తోసింది. లోపల...'

సరిగ్గా అప్పుడు మంత్రిగారు లోపలికి వచ్చారు. పిల్లల కేకలకి వచ్చి, పుస్తకాన్ని చూసి, ముగ్ధులై, తీసుకున్నారు.

"సార్, ఇంకొక్క పేజీ ఉంది సార్. పిల్లలు చదివేశాక ఇచ్చేస్తాను," అంది టీచరమ్మ.

"ఆ పేజీ సంగతి నేను చూసుకుంటానమ్మా," అన్నారు మంత్రిగారు. "నోట్ చేసుకోవయ్యా."

"నోటెడ్ సార్," అన్నాడు పీఏ.

కారు వెళ్ళిపోయింది. కుళాయిలో నీళ్ళొచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు.

*

మర్నాడు పొద్దున్న హాజరు తీసుకోకముందే ముందు పళ్ళు రెండూ ఊడిన పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, తలుపు తీసిందా?"

"పుస్తకం మంత్రిగారి దగ్గరుందిరా. పోనీ నేను చెప్తాను, లోపల..."

"వద్దూ!" ఇరవైమూడు మంది చెవులు మూసుకున్నారు. "చెప్పొద్దు టీచర్! మేమే చదువుతాం!"

పాఠ్యపుస్తకం తీయమంటే తీయలేదు. ఆ తలుపు సంగతి తేలేదాకా ఇంకో అక్షరం చదవమని భీష్మించుక్కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న పెద్దసారు కూడా ఇలాంటి సమ్మె చూడలేదు.

"ఇంకోటి రాసెయ్యమ్మా, పీడా పోతుంది," అన్నారాయన మొదట. మధ్యాహ్నానికి సర్క్యులర్ వచ్చింది. శాఖవారి మహాపుస్తకం వచ్చేవరకూ అనధికార సైజు పుస్తకాలేవీ తరగతిలో పెట్టరాదు. పెద్దసారు బడిలోని క్యాలెండర్లన్నీ పోగుచేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ రోజు తారీఖు ఎంతో బడిలో ఎవరికీ తెలియలేదు.

"పిల్లలకి మాటిచ్చాను," అంది టీచరమ్మ సాయంత్రం వాళ్ళాయనతో. "పన్నెండో పేజీ తెచ్చి తీరతాను."

వాళ్ళాయన కాజా కుడుతూ తలెత్తకుండానే అన్నాడు. "నా దగ్గర కొలతకని బట్ట పట్టుకెళ్ళినవాళ్ళెవరైనా తిరిగిచ్చారా? నువ్వే వెళ్ళి తెచ్చుకోవాలి."

*

వెళ్ళే అవకాశం వారంలోనే వచ్చింది. మహాపుస్తక పథకం కమిటీకి ఆవిడని సలహాదారుగా పిలిచారు. పొడవాటి గదిలో పన్నెండుమంది అధికారులు. మధ్యలో మంత్రిగారు. క్యాలెండర్ పుస్తకం పీఏ ఒళ్ళో ఉంది, ఫైలు ట్యాగు బిగించి.

"మీ పుస్తకం ఎన్నడుగులమ్మా?"

"రెండడుగులు సార్."

"దాంతో ఎంతమందికి చదువొచ్చింది?"

"ఇరవైమూడు మందికి సార్. ఇప్పుడిప్పుడే..."

"అంటే అడుగుకి పదకొండున్నర మంది!" మంత్రిగారు బల్ల చరిచారు. "మరి ఎనిమిదడుగులైతే?"

క్యాలిక్యులేటర్ ఉన్న అధికారి నొక్కి చూశాడు. "తొంభైరెండు మంది సార్."

"మా క్లాసులో ఉన్నదే ఇరవైమూడు మంది సార్," అంది టీచరమ్మ.

"అయితే ఒక్కొక్కరికీ నాలుగు రెట్లు వస్తుందమ్మా. తప్పేముంది?"

ఎవరికీ తప్పు కనిపించలేదు. లెక్క అంత స్పష్టంగా ఉంది.

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "సార్, పుస్తకం అందరికీ కనపడేంత ఉంటే చాలు. అందరూ కలిసి చదువుతారు. మధ్యలో ఆపి, తర్వాతేమవుతుందని అడుగుతాం. అర్థమవడం అక్కడ మొదలవుతుంది. దానికి రెండడుగులు సరిపోతుంది సార్."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

"చూశారయ్యా వినయం! రెండడుగులు చాలంటోంది! ఇలాంటి టీచర్ల కోసం మనం ఎంత చేసినా తక్కువే. రోడ్ల మంత్రి హోర్డింగు ఎంతుంది?"

"ఎనిమిదడుగులు సార్."

"పది చెయ్యండి. పది బై ఆరు."

"నోటెడ్ సార్."

పది అడుగుల పేజీ కాగితం మీద నిలవదు కాబట్టి ప్లైవుడ్ అన్నారు. ప్లైవుడ్ బరువు కాబట్టి నాలుగే పేజీలన్నారు. పేజీ అంత పెద్దదైనప్పుడు అక్షరం చిన్నదిగా ఉంటే పేజీకి అవమానం కాబట్టి నాలుగడుగుల అక్షరం అన్నారు. అలా పేజీకి ఒక్క మాట పట్టింది. కమిటీ ఎలుక కథనంతా పరిశీలించి, పిల్లలకి బాగా నచ్చిన మాట ఏరి, నాలుగు పేజీల్లోనూ వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

టక్. టక్. టక్. టక్.

"మరి కథ సార్?" అంది టీచరమ్మ.

"కథ రెండో విడతలో."

"పోనీ నా పుస్తకం?"

"అది మోడలమ్మా. మోడల్ లేకుండా పథకం ఎలా నడుస్తుంది?" అన్నాడు పీఏ, పుస్తకాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.

*

మహాపుస్తకం లారీలో వచ్చింది. తాళ్ళు కట్టి దింపారు. ప్లైవుడ్ అట్టలు, తలుపులకి వేసే ఇనుప బందులు, ముఖచిత్రంగా మంత్రిగారు. గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు, పెద్దసారు ఐమూలగా కూడా తిప్పించారు. పట్టలేదు.

"పుస్తకం చిన్నది చెయ్యడం కుదరదు," అన్నాడు వెంట వచ్చిన అధికారి. "పైనుంచి వచ్చిన కొలత."

"గోడ మాత్రం మనదేగా!" అన్నారు పెద్దసారు ఉత్సాహంగా.

గోడ పడగొట్టారు. పుస్తకం లోపలికి వెళ్ళింది. తరగతి గది మొత్తం పుస్తకమే అయింది. పిల్లలు బయట ఆవరణలో, కుళాయి పక్కన కూర్చున్నారు. పేజీ తిప్పడానికి ఎనిమిదిమంది కావలసి వచ్చారు. మొదటి పేజీ తిప్పినప్పుడు లేచిన గాలికి హాజరుపట్టీ, రెండు చాక్‌పీసు డబ్బాలు, పెద్దసారు కళ్ళజోడు రోడ్డు మీద పడ్డాయి.

పిల్లలు చదివారు. "టక్."

ఎనిమిదిమంది పట్టి తిప్పారు.

"టక్."

"ఇది మాకు తెలుసు టీచర్," అంది పళ్ళూడిన పిల్ల. "లోపల ఏముందో చెప్పే పేజీ ఏది?"

మర్నాడు పత్రికల్లో పెద్దక్షరాలతో వచ్చింది. 'తొలిరోజే పుస్తకమంతా చదివేసిన చిన్నారులు. ఒక్క తప్పు లేదు.' అబద్ధమనడానికి వీల్లేదు. ఒక్క తప్పు లేని మాట నిజమే.

*

పుస్తకాన్ని స్టాక్ రిజిస్టర్లో ఎక్కించడానికి స్టోర్స్ అధికారి వచ్చాడు. శాఖలో అందరూ ఆయన్ని టేపుసారు అంటారు. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన స్టీలు టేపే ఇప్పటికీ వాడుతున్నాడు. దాని మొదటి రెండంగుళాలూ ఎప్పుడో విరిగిపోయాయి. ఆయన మాత్రం విరిగిన చోటునుంచే కొలిచి, టేపు ఏ అంకె చూపిస్తే అదే రాస్తాడు. టైలరు భార్య కాబట్టి టీచరమ్మ అది చూడగానే పట్టేసింది.

"సార్, మీ టేపు రెండు దగ్గర మొదలవుతోంది."

"ఇరవైరెండేళ్ళుగా అక్కడే మొదలవుతోందమ్మా. ఎవరూ ఆక్షేపించలేదు." పుస్తకాన్ని కొలిచి, రూల్సు పుస్తకం తిరగేసి, పెదవి విరిచాడు. "ఇది పుస్తకం కాదు."

"అదేంటి సార్?" పెద్దసారు గుండె పట్టుకున్నారు.

"మూడడుగులు దాటిన చెక్క వస్తువు ఏదైనా ఫర్నిచర్. రూలు. ఫర్నిచర్ కింద రాయాలంటే కాళ్ళు ఎన్నో రాయాలి. దీనికి కాళ్ళేవి?"

"పుస్తకానికి కాళ్ళేంటి సార్?" అంది టీచరమ్మ.

"పుస్తకం కాదన్నానుగా!"

"కాళ్ళు లేవని రాయండి."

"అలా రాస్తే విరిగిన ఫర్నిచర్ అవుతుంది. మంత్రిగారి పుస్తకాన్ని విరిగిపోయిందని రాయమంటావా?"

పెద్దసారు ఆ క్షణమే వడ్రంగికి కబురు పెట్టారు. వడ్రంగి ముప్ఫై అంగుళాల కాళ్ళు మూడు తన కొలతతో కోశాడు. నాలుగోదానికి టేపుసారు అడ్డుపడి, శాఖ తరఫున కనీసం ఒక కాలైనా అధికారికంగా కొలవాలని, తన టేపుతో కొలిచి కోయించాడు. బోల్టులు నాలుగు పేజీల్లోంచీ దూసుకుపోయి అవతల బిగిశాయి.

"ఇక తెరుచుకోదు కదా సార్?" అంది టీచరమ్మ.

"ఫర్నిచర్‌ని ఎవరైనా తెరుస్తారా అమ్మా?"

ఆ సాయంత్రం వాళ్ళాయన విషయం విని కత్తెర కింద పెట్టేశాడు. "నాలుగు కాళ్ళొచ్చాయంటే అది ఎక్కువ రోజులు మీ బళ్ళో ఉండదు చూస్తూండు."

ఉండలేదు. నెలాఖరు ఫర్నిచర్ జాబితా పైకి వెళ్ళింది. పది బై ఆరు, కాళ్ళు నాలుగు, స్థితి కొత్తది. మహాపుస్తక పథకం సమీక్షా సమావేశాలకి సరిగ్గా అలాంటి బల్ల కోసమే మంత్రిగారి కార్యాలయం వెతుకుతోంది. లారీ మళ్ళీ వచ్చింది. మేస్త్రి అంతకుముందురోజే కట్టి సున్నం వేసిన గోడ మళ్ళీ పడిపోయింది.

పిల్లలు తమ గదిలోకి తాము వచ్చి కూర్చున్నారు. మూడు గోడలున్నాయి. నాలుగోవైపు కుళాయి కనిపిస్తోంది.

"టీచర్," అంది పళ్ళూడిన పిల్ల. ఈ నెల రోజుల్లో ఆ పిల్లకి కొత్త పన్ను ఒకటి మొలిచింది. "ఎలుక ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉందా?"

టీచరమ్మ ఆ మధ్యాహ్నమే సెలవు చీటీ రాసింది.

*

సమీక్షా సమావేశం జోరుగా సాగుతోంది. మహాపుస్తకం చుట్టూ పన్నెండుమంది అధికారులు, పుస్తకం మీద పన్నెండు టీ కప్పులు. మంత్రిగారి ముఖచిత్రం మీదే మంత్రిగారి కప్పు. మధ్యలో అప్పుడే అచ్చయి వచ్చిన సమగ్ర నివేదిక, అయిదువందల పేజీలు.

"పిల్లల అవగాహన నూటికి నూరు శాతం పెరిగిందని ఇందులో తేలింది," అని మంత్రిగారు దాని మీద చెయ్యి వేశారు. బల్ల ఒకవైపుకి ఒరిగింది. పన్నెండు చేతులు పన్నెండు కప్పుల్ని పట్టుకున్నాయి. అలవాటైన చేతులు.

"సార్, నా పుస్తకం కోసం వచ్చాను," అంది టీచరమ్మ గుమ్మంలోంచి. "మోడల్ పని అయిపోయిందిగా సార్."

"మోడలా? ఏదయ్యా?" అన్నారు మంత్రిగారు.

"వినియోగంలో ఉంది సార్," అన్నాడు పీఏ, టేపుసారు వైపు చూస్తూ. టేపుసారు కిందికి చూశాడు.

టీచరమ్మ కూడా కిందికి చూసింది. నాలుగో కాలు కింద, ఎనిమిది మడతలు పెట్టి కుక్కిన కాగితాల కట్ట. అంచున ఎర్రదారం కుట్టు. వాళ్ళాయన కుట్టు ఆవిడకి ఎక్కడున్నా తెలుస్తుంది.

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బల్ల కిందికి దూరింది.

"ఎవరమ్మా అది? ఏం చేస్తున్నావు?" మంత్రిగారి గొంతు నాలుగు పేజీల పైనుంచి వినిపించింది.

"పథకం పునాది చూస్తున్నాను సార్."

"భేష్! క్షేత్రస్థాయి పరిశీలన అంటే అదీ. నోట్ చేసుకోవయ్యా."

లాగింది. కట్ట ఊడివచ్చింది. మహాపుస్తకం ఒక్కసారిగా కుంగింది. కప్పులన్నీ బారులు తీరి పీఏ వైపు జారాయి. నోట్ చేసుకున్నవన్నీ తడిసిపోయాయి. ఆఖరుగా జారుకుంటూ వచ్చి నేలమీద పడింది సమగ్ర నివేదిక, సరిగ్గా టీచరమ్మ మోకాలి దగ్గర.

ఆవిడ దాని మందం చూసింది. బొటనవేలితో కొలిచింది. అచ్చంగా రెండంగుళాలు.

భుజంతో బల్లని కాస్త ఎత్తి, నివేదికని కాలు కింద పెట్టింది. దులుపుకుని లేచి నిలబడింది.

మంత్రిగారు బల్ల మీద ఒక వేలు పెట్టి నొక్కారు. కదల్లేదు. రెండు చేతులూ పెట్టి నొక్కారు. కదల్లేదు.

"వచ్చిన రోజు నుంచీ ఊగుతోంది. ఏం చేశావమ్మా?"

"మీ నివేదిక వాడాను సార్."

టేపుసారు కళ్ళు మూసుకున్నాడు. మంత్రిగారి మొహం మెల్లగా విప్పారింది.

"విన్నారా? అచ్చయి గంట కాలేదు, అప్పుడే అమల్లోకి వచ్చేసింది! ఇంతకుముందు ఏ మంత్రి నివేదికైనా ఇంత తొందరగా ఉపయోగపడిందా? బడికొకటి పంపించండి!"

"నోటెడ్ సార్," అన్నాడు పీఏ, నోటుబుక్కులోంచి టీ పిండుతూ.

టీచరమ్మ పుస్తకాన్ని గుండెకి అదుముకుని, ఎవరైనా మనసు మార్చుకునేలోగా మెట్లు దిగేసింది.

*

వాళ్ళాయన తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేశాడు. మడతలు చాలావరకు పోయాయి. ఆఖరి పేజీ మూలన బల్లకాలు ముద్ర మాత్రం చదరంగా ఉండిపోయింది.

మర్నాడు పిల్లలు మొదటి పేజీ నుంచి చదివారు. తొందరపడి ఎవరూ పేజీలు దాటెయ్యలేదు. పిల్లి కాదు, కుక్క కాదు, ఏనుగు కాదు. పదకొండో పేజీ. మెల్లగా తోసింది. లోపల...

స్కేలు ఆగింది. ఇరవైమూడు మంది ముందుకి వంగారు. టీచరమ్మ తిప్పింది.

'లోపల ఎవరూ లేరు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. టక్. టక్. ఎలుక నవ్వింది. వెళ్ళి కిటికీ మూసింది.'

గోడ లేని వైపునుంచి నవ్వు వీధంతా వినపడింది.

"అంత చప్పుడు చేసి ఎవరూ లేరా!" అన్నాడు పెదనాన్న అన్నవాడు, కడుపు పట్టుకుని.

అప్పుడే టేపుసారు వచ్చాడు. చంకలో అయిదువందల పేజీల నివేదిక, చేతిలో ఫారం.

"బడికొకటి ఇవ్వమన్నారమ్మా. ఏ కాలు కింద పెడతారు?"

"మాకు బల్ల లేదు సార్. మీరు తీసుకెళ్ళారు."

టేపుసారు నివేదికని నేలమీద పెట్టాడు. అది కింద పెట్టగానే పిల్లలు చుట్టూ మూగారు. కొత్త పుస్తకం. లావు పుస్తకం. పళ్ళూడిన పిల్ల మొదటి పేజీ తెరిచి, వేలు పెట్టి, పైకి చదివింది.

"వి–వ–రా–ల–కు చి–వ–రి పే–జీ చూ–డం–డి."

"ఏయ్, అది తెరవకూడదమ్మా!" అన్నాడు టేపుసారు. "మేమే తెరవలేదు."

చివరి పేజీలో ఏముంటుందోనని ఒకడు ఎలుకన్నాడు, ఒకడు దొంగన్నాడు. పిల్ల ఆత్రంగా మొత్తం కట్టని తిరగేసింది. వేలు పెట్టింది.

"వి–వ–రా–ల–కు మొ–ద–టి పే–జీ చూ–డం–డి."

మళ్ళీ ముందుకి తిప్పింది. మళ్ళీ వెనక్కి. మధ్యలో నాలుగైదు చోట్ల తెరిచింది. 'వెనక పేజీలో చెప్పినట్టే.' 'వెనక పేజీలో చెప్పినట్టే.' వేలు తీసేసి, తలెత్తి టీచరమ్మని చూసింది.

"టీచర్, ఇందులో కూడా లోపల ఎవరూ లేరా?"

టేపుసారు ఫారం మీదికి వంగాడు. పొడవు, వెడల్పు, మందం నింపేశాడు. కింద ఒక్క గడి మిగిలింది.

"పిల్లల అవగాహన. వచ్చింది, రాలేదు. ఏది కొట్టెయ్యమంటావమ్మా?"

"రాలేదన్నది కొట్టెయ్యండి సార్," అంది టీచరమ్మ.